ఆది గౌను

ఆ వీధిలో అందరూ ఆమెని కత్తెరమ్మ అనే పిలుస్తారు. చేతిలో ఉన్న కత్తెర కంటే నోట్లో ఉన్నదానికి పదునెక్కువ. గౌను బిగుతైందని ఎవరైనా నసిగితే, "గుడ్డ మీరిచ్చిందే, ఒళ్ళు మీరు పెంచిందే, మధ్యలో నన్నంటారేం?" అని మొహం మీదే అనేస్తుంది. అయినా ఆమె గుమ్మంలో సంచులు తగ్గవు. పనితనం అలాంటిది.

చెల్లెలు జైలుకి వెళ్ళాక ఆ సంచులతో పాటు జాలి కూడా మోసుకురావడం మొదలుపెట్టారు. తాగొచ్చి పసిదాని మీద చెయ్యెత్తిన మొగుణ్ణి ఆ చెల్లెలు చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టెతో కొట్టింది. అతను మళ్ళీ లేవలేదు. శిక్ష ఒక్క మనిషికే వేశామనుకుంది కోర్టు. చుట్టాలు పిల్లని పెద్దమ్మ ఒళ్ళో పడేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. వచ్చినవాళ్ళందరూ పిల్లని చూసి "పాపం" అంటారు, తమ పిల్లల్ని మాత్రం దానితో ఆడుకోనివ్వరు. "మీ జాలి చుట్టుకొలత చెప్పండి, సంచి కుట్టిపెడతాను, ఇంటికి పట్టుకెళ్దురు" అందొకసారి ఒకావిడతో.

పిల్లకి మాత్రం ఒకటే నూరిపోసింది. "మీ అమ్మ ఎక్కడున్నా, నువ్వెలా ఉన్నావో దానికి తెలుసు." ఆ మాట అబద్ధం కానివ్వకూడదన్నదే ఆమె పంతం.

జైల్లో చెల్లెలికీ కుట్టుపనే ఇచ్చారు. అక్క దగ్గర నేర్చుకున్న విద్యే. పిల్ల పుట్టినరోజుకి మిగులు గుడ్డతో నీలం గౌనొకటి కుట్టి పంపింది. కత్తెరమ్మ పొట్లం విప్పి చూసి గబుక్కున మళ్ళీ చుట్టేసింది. కొలత కోసం ఇచ్చే పాత బట్టని ఆది అంటారు. పోలీసులతో వెళ్ళిన రోజు చెల్లెలు పిల్ల గౌనొకటి సంచిలో పెట్టుకుపోయింది, దాన్నే ఆదిగా పెట్టుకుని కత్తిరించింది. అప్పుడు పిల్లవి పాలపళ్ళు. ఇప్పుడవి ఊడి కొత్తవి వస్తున్నాయి.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళగానే కత్తెరమ్మ తలుపు గడియ పెట్టి కుట్లన్నీ విప్పింది. అదే రంగు గుడ్డ వెతికి తెచ్చి, పక్కలా చంకల కిందా అతుకులు వేసి, అంచు దించి, జాడ తెలియకుండా ఇస్త్రీ చేసింది. సాయంత్రం తొడిగి, "చూశావా, దానికి నీ కొలత ఎంత బాగా తెలుసో" అంది. పిల్ల అద్దం ముందు గిర్రున తిరిగింది.

జైలు ములాఖత్ గదిలో అడ్డంగా ఉన్న అద్దానికి ఇటు వీళ్ళు, అటు చెల్లెలు, మాట్లాడ్డానికి ఫోను. పిల్ల గౌను చూపిస్తూ చేతులెత్తింది. చెల్లెలి చూపు చంక దగ్గర ఆగింది. అక్క చేతి అతుకుని ఆమె గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? పిల్ల నీళ్ళు తాగడానికి వెళ్ళగానే కత్తెరమ్మ ఫోను అందుకుంది.

"కొలతలు చెబుతాను, గుర్తుపెట్టుకో. ఛాతీ..."

"వద్దక్కా."

"వద్దంటే ఎలాగే? పిల్ల పెరగదా?"

"పెరుగుతుంది. నువ్వు చూసుకుంటున్నావు. నా చేతులకి తెలిసింది ఆ గౌనొక్కటే. నువ్వే సరిచెయ్యి. పిల్లకి మాత్రం తెలియనివ్వకు."

కత్తెరమ్మకి ఒళ్ళు మండిపోయింది, చెల్లెలి మీద, ఆ అద్దం మీద, అందరి మీదా. అంత నోరున్న మనిషి సరేనని తలూపి వచ్చేసింది.

మరుసటి ఏడు ఆకుపచ్చ గౌను వచ్చింది. ఆ పైన ఎర్రది. అదే ఆది, అదే కొలత. ఏటేటా అతుకులు పెరిగి, అమ్మ కుట్టిన భాగం పిల్ల గుండెల మీద చిన్న ముక్కై మిగిలింది.

ఈసారి పసుపు గౌను. కత్తెరమ్మ గడియ పెట్టడం మరిచిపోయింది, బడి తొందరగా వదిలేశారు. పిల్ల తలుపు తోసుకుని రాగానే ఆమె గౌనుని ఒళ్ళో కుక్కుకుని, "ఎవరిదోనే, సరిచెయ్యమని ఇచ్చారు" అంది. పిల్ల పుస్తకాల సంచి పక్కన పడేసి, ఎదురుగా కూర్చుని, డబ్బాలోంచి బ్లేడు తీసుకుంది.

"ఆ పక్క నువ్వు విప్పు పెద్దమ్మా, ఈ పక్క నేను విప్పుతాను. చంకల దగ్గర కాస్త ఎక్కువ వెయ్యి, పోయినసారిది పట్టేసింది."

"నీకెప్పట్నుంచి తెలుసే?"

"నీలం గౌనప్పట్నుంచి." పిల్ల తలెత్తకుండా ఒక్కో దారమే తెంపుతోంది. "నాకు సరిపోవట్లేదని అమ్మకి మాత్రం చెప్పకు. ఏడుస్తుంది."

"చెప్పనులే" అంది కత్తెరమ్మ. అద్దం అవతలి మనిషికీ ఇదే మాట ఇచ్చి ఉంది. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరి దగ్గరా దాచిపెట్టడానికి, పసుపు గుడ్డ తీసుకుని మిషను దగ్గరికి జరిగింది.