గడియారాల గౌస్ భాయ్, చిక్కుడు పేను

అమీర్‌పేట చౌరస్తాలో గౌస్ మొహియుద్దీన్ డబ్బా కొట్టు ఎంత చిన్నదంటే, ఆయన లోపల కూర్చుంటే మోకాళ్లు బయటే ఉండేవి. గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, సన్నటి చిమ్టాతో ఏ నలుసునో పైకి తీసి, "దొరికిండు దొంగ!" అనేవాడు. ప్రతి గడియారంలోనూ ఒక దొంగ ఉంటాడనీ, వాణ్ణి బయటికి లాగితే మిగతాదంతా దానంతటదే నడుస్తుందనీ ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లు సంసారం కూడా ఆ నమ్మకం మీదే నడిచింది.

ఇల్లు బల్కంపేట వైపు సందులో. పెరట్లో ఆయన భార్య అన్వరీ చిక్కుడు పందిరి వేసేది. ఎనభై నాలుగులో ఆ పందిరి మీద ఉన్నది ఒక్కటే తీగ. ఒక్క తీగకి ఇంత కథా అంటారేమో, వినండి. ఆ విత్తనం అన్వరీ తల్లిది. జహీరాబాద్ దగ్గర వాళ్ల ఊరు. పెళ్లప్పుడు కూతురి కొంగున కట్టి పంపింది. ఊదారంగు అంచుతో వెడల్పాటి కాయ, ఉడుకుతుంటే సందంతా వాసన. ఆ తల్లి కిందటేడు పోయింది. ఈ ఏడు చూస్తే డబ్బాలో దాచిన గింజలకి పుచ్చు పట్టి పదకొండే మిగిలాయి. ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణానికి జనం వచ్చే వారంలో పదకొండూ నాటితే ఒక్కటే మొలిచింది. అది కాస్తా పోతే ఆ చిక్కుడు ఇక లేనట్టే.

చలి మొదలయ్యాక పూత వచ్చింది. పూతతోపాటే లేత కొసలన్నిటికీ నల్లగా ఏదో అంటుకుంది.

"ఏంటి అన్వరీ గారూ, చిక్కుడుకి పేను పట్టేసిందే!" అంది గోడ అవతలి జానకీదేవి. రేపల్లె నుంచి వచ్చిన కుటుంబం, భర్తకి బేగంపేటలో ఉద్యోగం. "కాస్త బూడిద చల్లి చూడండి."

చల్లింది. మంచుకి తడిసి బూడిద జారిపోయింది, పేను మాత్రం కదల్లేదు. అన్వరీ చేతులు దులుపుకుంది. "అమ్మ చెయ్యి వేరు. నా చేతికి అచ్చిరాలే," అంది. ఆ రోజు నుంచి తీగను ముట్టడమే మానేసింది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది దక్కనీ ఉర్దూ, మనకోసం తెలుగులో చెబుతున్నా. గౌస్‌కి ఆ మాట చివుక్కుమంది. "జర ఫికర్ చెయ్యకు, నేను చూస్త," అన్నాడు.

పొద్దున్నే భూతద్దం పెట్టుకుని పందిరి కింద నిలబడ్డాడు. అబ్బ, అదొక లోకం! పేను కొసలో మూతి గుచ్చి కదలకుండా రసం తాగుతోంది. చీమొకటి వచ్చి మీసంతో దాని వీపు నిమిరితే, వెనక నుంచి చిన్న తీపి బొట్టు వస్తోంది. చీమ ఆ బొట్టు తాగి ఇంకోదాని దగ్గరికి పోతోంది. "సుభానల్లా! పాలు పిండుతున్నయి!" నాష్తా చల్లారిపోయినా ఆయనకు పట్టలేదు.

అప్పుడు కనబడింది అసలు శాల్తీ. పేల మధ్య చకచకా పాకుతున్న పురుగు. నలుపు మీద నారింజ మచ్చలు, ఆరు కాళ్లు, అచ్చం మొసలి పిల్ల. ఇంత భయంకరంగా ఉన్నవాడు దొంగ కాకపోతే ఇంకెవడు? చిమ్టాతో పట్టి కిరసనాయిలు డబ్బాలో వేశాడు. రోజూ పదిహేను, ఇరవై. దొంగలు దాక్కునే చోటే ఉండొద్దని పాదు చుట్టూ గరికపోచ కూడా మిగలనివ్వలేదు. పక్క ఖాళీ ప్లాటులో పెరిగిన జిల్లేడు పొదలు కూడా కొట్టించేద్దామని ఆ నెల చివరి శుక్రవారానికి మనిషిని మాట్లాడాడు. పది రోజులకి దొంగలు దాదాపు అయిపోయారు. పేను మాత్రం రెండింతలైంది. పూత రాలసాగింది.

గౌస్‌కి అంతు చిక్కలేదు. ఆ పొద్దున దొరికినవాణ్ణి చంపలేదు. పేను పట్టిన కొసతో సహా కొట్టుకి తెచ్చి, గడియారం అద్దం కింద పెట్టాడు. ఆకునెలా తింటాడో చూద్దామని. వాడు ఆకు జోలికే పోలేదు. ఒక పేనుని పట్టాడు, పీల్చాడు, తోలు వదిలేశాడు. ఇంకోటి, మరోటి. మధ్యాహ్నానికి ముప్పై! దొంగని దొంగే తింటున్నాడనుకున్నాడు గౌస్, వాడు దొంగే కాడేమోనని తట్టలేదు. నాలుగో రోజు అద్దానికి అతుక్కుని బిగుసుకుపోయాడు. చచ్చిండనుకున్నాడు గౌస్. కానీ పారెయ్యడానికి మనసొప్పలేదు. ఇంకో ఐదు రోజులకి వీపు చిట్లి పసుపుపచ్చటి పురుగు బయటికొచ్చింది, సాయంత్రానికి ఎర్రగా నిగనిగలాడింది.

భర్త వాచీ కోసం వచ్చిన జానకీదేవి వంగి చూసింది. "అరె, అక్షింతల పురుగు! మా ఊళ్లో పిల్లలు చేతి మీద నడిపించుకుంటారండీ. పేనంతా తినేస్తుంది, దీన్నెవరూ చంపరు!"

దొంగల్ని సాకుతూ నూట యాభై మంది పోలీసుల్ని కిరసనాయిల్లో ముంచాడు మహానుభావుడు!

కొట్టు మూసి ఇంటికి పరిగెత్తాడు. ఆ పొద్దు గురువారం, కొట్టేవాడు వచ్చేది మర్నాడు. జిల్లేడు పొదలింకా ఉన్నాయి. ఆకులు తిప్పి చూస్తే వాటికి పసుపు పేను, దాని మధ్య అవే మొసలి పిల్లలు! కొట్టేవాడికి వద్దని కబురు చేశాడు. స్క్రూలు పోసుకునే డబ్బీలో పురుగుల్ని ఏరుకొచ్చి చిక్కుడు మీద వదిలాడు. చాలక పంజగుట్ట దాకా పోయి రోడ్డు పక్క జిల్లేళ్లన్నీ గాలించాడు. పేనుకి కాపలా కాసే చీమలు అడ్డం రాకుండా పందిరి గుంజలకి గ్రీజు పూశాడు. ఇన్ని చేసినవాడు ఇంట్లో మాత్రం పురుగుల సంగతి దాచాడు.

మూడో నాడు అన్నం పెడుతూ అన్వరీయే అంది, "తీగ పీకేద్దాం. అమ్మ ఇచ్చినదాన్ని నా చేతులతోని పాడు చేసుకున్న."

గౌస్ ముద్ద కింద పెట్టాడు. "నీ చెయ్యి గాదు అన్వరీ, నాది," అని మొత్తం చెప్పేశాడు.

ఆమె కళ్లు నిండాయి. కోపమూ వచ్చింది. "ఇన్ని దినాల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న. మీరు ఎదురుంగ కూసుని తింటున్నరు!" లేచి పెరట్లోకి పోయింది. డబ్బీలో మిగిలిన పురుగుని అరచేతిలోకి తీసుకుని తనే తీగ మీద వదిలింది.

జనవరి చివర్లో, పేను వదిలిన తీగ మీద ఏడు కాయలు ఎండాయి, ఇరవై ఆరు గింజలు. అన్వరీ పదమూడు కాగితంలో కట్టి గోడ మీదుగా జానకీదేవికి అందించింది.

"మీ అమ్మగారి విత్తనం కదండీ, అంతా ఉంచుకోండి," అంది జానకీదేవి మొహమాటంగా.

"తీసుకో జానకమ్మా," అంది అన్వరీ. "ఒక్క ఇంట్లనే ఉంటే మా ఆయన మళ్లెప్పుడన్న బాగుచేస్తడు!"