భూమిదేవుడి దీపం, కాపీ మెషీన్ ప్లగ్గు

తైవాన్ రేవుపట్నం మా కీలుంగ్‌లో ఏడాదిలో సగం రోజులు వానే. గొడుగు ఆరదు, గోడ ఆరదు, ఆఫీసులో కాగితం అసలే ఆరదు. మాది ఓడ సరుకులకు కస్టమ్స్ కాగితాలు తయారుచేసే చిన్న ఆఫీసు. కాపీ మెషీన్ ఆగిందంటే రేవులో సరుకు ఆగినట్టే. అందుకే దాన్ని బాగుచేయడానికి ఇరవై ఆరేళ్లుగా యెన్ అన్న మా మూడంతస్తుల మెట్లూ ఎక్కి వస్తూనే ఉన్నాడు. అరిగిపోయిన మోకాళ్లు, భుజాన పనిముట్ల సంచి.

చెప్పేది ఎప్పుడూ ఒకటే. "కాగితం చెమ్మ పట్టింది చెల్లెమ్మా. రెండేసి అతుక్కుని లోపల ఇరుక్కుంటున్నాయి. మిగిలిన కట్ట సంచిలో పెట్టి మూతి కట్టమన్నానా? ట్రే కింద చిన్న హీటరుంది, రాత్రిళ్లు ప్లగ్గు తియ్యొద్దన్నానా?"

చెవిటివాడి ముందు శంఖమూదినట్టే. ఆయన మెట్లు దిగగానే మా యజమాని లువో సారు, మెషీన్ బుద్ధిగా ఉండాలని దాని మీద కొత్త చిరుతిండి పొట్లం పెట్టించేవాడు. అదీ పచ్చరంగుదే ఉండాలి, పచ్చలైటు వెలిగితే బండి సాగినట్టు మెషీనూ సాగుతుందని మావాళ్ల నమ్మకం.

ఈ మే నెలలో మెషీన్ రెండుసార్లు మొరాయించింది. రెండోసారి యెన్ అన్న నలిగిన కాగితాలు లాగుతూ నిట్టూర్చాడు.

"ఒకే మెషీన్‌కి నెలలో మూడోసారి పిలుపొస్తే, నా తిరుగుడు మాన్పించి ఫోన్ దగ్గర కూర్చోబెడతారట. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. అవి కూడా ఇలా తిరుగుతూనే గడిచిపోతే చాలు."

తొమ్మిది రోజులకే మళ్లీ ఆగింది. ఫోన్ చేసింది నేనే.

ఆయన మెషీన్ వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉండిపోయాడు. అక్కడున్నది ఒకటే సాకెట్టు. దాని పక్కనే, మా వ్యాపారాన్ని కాచే భూమిదేవుడి గూటిలోని ఎర్రదీపం ప్లగ్గు వేలాడుతోంది. పగలైతే అగరొత్తులు వెలిగిస్తాం. రాత్రి దేవుణ్ణి చీకట్లో ఉంచలేక, ఇంటికెళ్లేముందు మెషీన్ ప్లగ్గు పీకి దీపానిది గుచ్చేది నేను. పొద్దున్నే వచ్చి మార్చేసేదాన్ని. రాత్రంతా హీటరు చల్లబడి, కాగితం చెమ్మ పీల్చుకునేది.

ఆయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"తప్పెవరిదయ్యా?" అంటూ లువో సారు వచ్చాడు. "మావాళ్లెవరైనా చేస్తే చెప్పు, ఇవాళే ఇంటికి పంపేస్తా."

"నాదే సార్. పోయినసారి రోలరు సరిగ్గా బిగించలేదు." రిపోర్టులో కూడా అలాగే రాశాడు.

నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెళ్లేముందు సంచిలోంచి ప్లగ్గుల బోర్డు తీసి రెండూ అందులో గుచ్చాడు. "దేవుడికీ మెషీన్‌కీ పోటీ పెట్టకు చెల్లెమ్మా. ఇద్దరికీ రాత్రి డ్యూటీ ఉంది."

ఆ తర్వాత మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. జులైలో ధైర్యం తెచ్చుకుని ఆయన కంపెనీకి ఫోన్ చేశాను.

"చెప్పండి, సమస్యేమిటి?" ఆయన గొంతే.

"నేనే అన్నా, కస్టమ్స్ ఆఫీసు నుంచి. సమస్యేం లేదు. ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. నీ తిరిగే పని పోగొట్టాను."



"దీపం వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"వాన పడుతోందా?"

"పడుతూనే ఉంది."

"ఈ గదికి కిటికీ లేదు. కాసేపు విననీ."

ఫోన్ కిటికీ బయటికి చాపి, మోచేయి దాకా తడిసినా అలాగే నిలబడ్డాను.