బోణీ సరుకు వాపసు లేదు

గోదావరిఖని మార్కెట్‌లో నన్ను బేరంలో గెలిచినవాడు లేడు. స్టీలు సామాన్లకు వచ్చినవాళ్లు నాలుగు దుకాణాలు తిరిగి, అలిసిపోయి, చివరికి నా దగ్గరికొచ్చి నేను చెప్పిన ధరకే బిందె పట్టుకుపోతారు. పోతూ పోతూ నన్ను ముంచామని సంబరపడతారు కూడా. అలాంటి నేను చేసిన అతి గొప్ప బేరం ఒకటుంది. నైట్ షిఫ్టు దిగి నిద్రమొహంతో వచ్చిన ఒక ఫుట్‌బాల్ కోచ్‌ను పొద్దున్నే నా గల్లా ముందు నిలబెట్టి, నా కూతురు మైదానంలో ఏ చోట ఆడాలో అతని నోటితోనే ఒప్పించాను. ఇంత తెలివిగా ఇంత చెడ్డ బేరం ఈ బొగ్గుబాయిల చుట్టుపక్కల ఇంకెవరూ చేసి ఉండరు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ పోటీ లేదు.

అసలు ఆ పిల్లను గ్రౌండుకు పంపిందే ఫీజు లేదన్నారని. బొగ్గు కంపెనీ గ్రౌండులో సాయంత్రాలు ఒకాయన పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాడనీ, ఆడపిల్లలకు వేరే జట్టుందనీ బడిలో విని వచ్చింది. ఊరికే వచ్చే సరుకును మా ఇంట్లో ఎవరూ కాదనరు. తెల్ల సాక్సులతో పోయేది, బొగ్గు కాళ్లతో వచ్చేది. మా ఆవిడ ఆ సాక్సుల గురించి అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

కోచ్ కంపెనీలో ఫిట్టర్. ఒకప్పుడు తన ఏరియా జట్టుకు ఆడినవాడు. బక్కపల్చటి మనిషి, నోరు మాత్రం సైరను. తల్లిదండ్రులు నిలబడేచోట ఒక తాడు కట్టించాడు. తాడుకు ఇవతల ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టవచ్చు, మాట్లాడకూడదు. అతని పద్ధతి ఏమిటంటే, ఆ వయసు పిల్లలు అన్ని చోట్లా ఆడాలి. ఈ వారం గోల్ కీపర్‌గా నిలబడ్డ పిల్ల వచ్చే వారం మధ్యలో, ఆపై వారం వెనక. ఎవరికి ఏ చోటు నప్పుతుందో కాళ్లే చెప్తాయట, అప్పటిదాకా పెద్దవాళ్లు నోరు మూసుకోవాలట.

నాకు మండింది. ఇందులో ఒక సంగతి నేను గమనించలేదు. మా బాపు నన్ను గల్లా మీద కూర్చోబెట్టడానికి ముందు ఏళ్ల తరబడి దుకాణం ఊడిపించాడు, గిన్నెలు తుడిపించాడు, తరాజు పట్టించాడు, ఉద్దెర బాకీల వసూలుకు ఎండలో రామగుండం దాకా సైకిలు తొక్కించాడు. అన్ని మూలలూ తెలియనివాడు గల్లా మీద కూర్చుంటే దుకాణం మునుగుతుందని ఆయన లెక్క. ఆయన చేస్తే పెంపకం అనుకున్నాను. అదే పని కోచ్ చేస్తే నా బిడ్డను తొక్కేస్తున్నాడని అనుకున్నాను.

తిప్పి తిప్పి చివరికి అతను మా అమ్మాయిని వెనక నిలిపాడు. స్టాపర్ అంటారట. గోల్ కీపర్‌కు ముందు, మిగతా అందరికీ వెనక. ఎదుటి పిల్ల బంతితో దూసుకొస్తుంటే మా అమ్మాయి మీదపడేది కాదు. సగం పక్కకు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఆ పిల్ల ఏదో ఒకటి చేసేదాకా ఆగేది. చేసిన మరుక్షణం బంతి మా అమ్మాయి కాలి కింద ఉండేది. నాకు అది భయంలా కనిపించింది. దుకాణంలో నేను చేసేదీ అదేనని, బేరంలో ముందు తొందరపడ్డవాడిదే నష్టమని పుట్టినప్పటి నుంచీ ఆమె చూస్తూనే ఉందని నాకు తట్టలేదు. ఎదురు దుకాణం ఆయన కొడుకు గోల్ కొడితే పేపరు జిల్లా పేజీలో పేరొచ్చింది. నాకు ఆ పేజీ కావాలి.

తాడు దగ్గర నిలబడి ఒకరోజు మెల్లగానే అడిగాను, పిల్ల బాగా ఉరుకుతుంది కదా, ముందు పెట్టరాదా అని.

"సేటూ, నీ దుకాన్ల బిందెలు యాడ పెట్టాల్నో నేనెన్నడన్న చెప్పిన్నా?" అన్నాడు పదిమందిలో. "తాడు అవతలికి జరుగు."

నవ్వినవాళ్లలో నాకు ఉద్దెర ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. జరిగాను. కానీ మేము దుకాణదారులం, మాట మరిచిపోయే జాతి కాదు.

అదను దొరికింది. నా దుకాణంలో బిందెలే కాదు, టోర్నమెంటు కప్పులు, షీల్డులు కూడా ఉంటాయి. ఒక పొద్దున షట్టరు సగమే లేపి అగరొత్తి వెలిగిస్తుంటే కోచ్ వచ్చాడు, డ్యూటీ బట్టల్లోనే. కాలనీల్లో చందాలెత్తి పిల్లలకు పోటీలు పెడుతున్నాడు, కప్పులు కావాలి. చేతిలో సగం డబ్బే ఉంది, మిగతాది జీతాలు పడ్డాక ఇస్తానన్నాడు.

దుకాణదారుల ఇళ్లలో పుట్టనివాళ్లకు ఈ మాట చెప్పాలి. బోణీకి ఉద్దెర ఉండదు. మొదటి గిరాకీ దగ్గర రొక్కం అందకపోతే రోజంతా అంతే. అలాగని మొదటి గిరాకీ ఉత్తచేతులతో మెట్టు దిగిపోయినా అంతే. ఈ సంగతి కొనేవాళ్లందరికీ తెలుసు, కోచ్‌కూ తెలుసు. అందుకే ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి నిలబడ్డాడు. ఉద్దెర ఇయ్యలేను, పోనియ్యలేను. ఆ ఇరుకులో నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నా మెరుపులన్నీ ఇలాగే పిడుగులవుతాయి.

"ఉన్న సగం ఇయ్యి," అన్నాను. "మిగిలినదానికి మాటియ్యి. ఈ సీజన్ మొత్తం నా బిడ్డ ముందట ఆడాలె. నడుమల మార్చద్దు."

అతను కప్పుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సోంచాయించుకో సేటూ. బోణీ మాట."

"సోంచాయించుకునే అడుగుతున్న."

గల్లా మీద డబ్బు పెట్టాడు. కళ్లకు అద్దుకున్నాను. ఆలోచించుకోమని అతను చెప్పింది హెచ్చరిక. నేను దాన్ని బేరంలో బెట్టు అనుకున్నాను.

మాట నిలబెట్టుకున్నాడు. అదే అతను చేసిన చెడ్డపని. మిగతా పిల్లలందరినీ ఎప్పటిలాగే తిప్పాడు, మా అమ్మాయిని మాత్రం ముందు వరుసలో మేకు కొట్టినట్టు దిగ్గొట్టాడు. మొదట్లో ఒక బలహీనమైన జట్టు మీద ఆమె గోల్ కొట్టింది. పేపర్లో పేరొచ్చింది. ఆ ముక్క కత్తిరించి తరాజు వెనక గోడకు అంటించాను. గిరాకీలు అడగకపోయినా చూపించాను. ఆ తరువాత గోడకు ఇంకో ముక్క రాలేదు. ముందు ఆడేవాళ్లు ఆగకూడదు, బంతి ఎక్కడికొస్తుందో అక్కడికి ముందే దూకాలి. మా అమ్మాయి ఆగేది, ఆగటమే ఆమె విద్య. వెనక ఉన్నప్పుడు బంగారమైన గుణం ముందుకొచ్చేసరికి ఇత్తడైంది. అవతలి జట్లు మా వెనక వరుసను చీల్చుకుని పోతుంటే ఆమె మైదానం ఆ చివర నిలబడి చూసేది. ఇంటికొచ్చి అన్నం తిని, షూలు మంచం కిందికి తోసి పడుకునేది.

నా కోపం కోచ్ మీదికి మళ్లించాను, నాకు చేతనైంది అదే. ఆ ఏడు ఫుట్‌బాల్ వార్తలు కూడా నాకు అనుకూలంగానే ఉన్నాయి. దేశంలో పెద్ద లీగే నడుస్తుందో లేదో తెలియదనీ, కొన్ని క్లబ్బులు ప్రాక్టీసు మానుకున్నాయనీ, ఆటగాళ్ల జీతాలు ఆగాయనీ పేపర్లో వచ్చింది. తాడు దగ్గర అతనికి వినపడేలా ఇదంతా చదివి, మునిగే దుకాణంలో నౌకరీకి మా పిల్లలను తయారు చేస్తున్నాడని పక్కవాళ్లతో అన్నాను.

అతను ఈల ఆపి తాడు దాకా వచ్చాడు. "మగోళ్ల దుకాన్లు బందైతున్నయ్ సేటూ, నిజమే. ఆడోళ్లు మాత్రం గెలిచి ఆసియా కప్పుకు పోతున్నరు. ఆ జట్టుల గోల్ కొట్టినోళ్ల పేర్లు నీకు ఎరుకే. గోల్ పడకుంట ఆపినోళ్లయి ఎరుకేనా?"

ఎరుక లేదు. గోల్ కొట్టినవాళ్లవి కూడా పేపరు చూస్తే తప్ప ఎరుక లేదు. ఆ ముక్క అతనికి చెప్పలేదు.

సీజన్ చివర్లో కబురొచ్చింది. రాష్ట్ర శిబిరానికి పిల్లలను ఎంచుకోవడానికి ఒక సెలెక్టరు మా గ్రౌండుకే వస్తున్నాడు. ముందు ఆడేవాళ్లు జిల్లాకు పదిమంది ఉన్నారట, వెనక నిలబడి ఆగగలిగే పిల్లలు కావాలట. మా అమ్మాయి వయసుకు ఆ శిబిరంలో అదే ఆఖరి ఏడాది. రాత్రి అన్నం దగ్గర తల ఎత్తకుండా అన్నది: "డాడీ, నన్ను మళ్ల ఎన్కకు పంపుమని సార్‌కు చెప్పు. నువ్వు చెప్తెనే అయితదట."

అప్పుడు అర్థమైంది, ఆమెకు సంగతి తెలిసిపోయిందని.

మరునాడు గ్రౌండుకు పోయాను. అతను గోల్ నెట్టు చిరుగులు కుట్టుకుంటున్నాడు. మొదటిసారి అన్నా అని పిలిచాను. ఆ మాట వాపసు తీసుకుంటున్నానన్నాను.

"బోణీ సరుకు వాపసు తీస్కుంటవా నీ దుకాన్ల?"

"గిన్నె వేరు, పిల్ల వేరన్నా."

"ఆ పొద్దు నీకు రెండు ఒక్కతీరే ఉండె."

అక్కడితో ఆగితే మనిషినయ్యేవాణ్ణి. జట్టు మొత్తానికి జెర్సీలు ఇస్తానన్నాను. అతను దారం కొరికి తెంపాడు. "ఇంకో బేరమా? ఆ కప్పులు పిల్లలకు పంచేసిన, వాపసు తేలేను. నీ మాట గూడ గంతే. సీజన్ అన్నవు, సీజన్ అయినంక రా."

న్యాయం ప్రకారం అతను చెప్పింది తప్పు కాదు. కానీ మార్కెట్‌లో మేమే అంత న్యాయంగా ఉండం. తప్పు సైజు తీసుకుపోయిన గిరాకీ ఏడుపుమొహంతో వస్తే, బోణీ సరుకైనా సరే, వెనక గదిలో గుట్టుగా మార్చి ఇస్తాం. అతను మార్చడు. చందాకు తిరిగే మనిషిని గల్లా ముందు నిలబెట్టి కొన్నాననే కసి అతనిది. ఆ కసి నా మీద తీర్చుకోవడానికి నా బిడ్డ కాళ్లు వాడుకున్నాడు.

సెలెక్షన్ రోజు మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ దుమ్ము ఇంకా గాలిలో ఉండగానే ఆట మొదలైంది. మా అమ్మాయి ముందు నిలబడింది. బంతి రాలేదు. వచ్చిన రెండు మూడు సార్లూ ఆగింది, పోగొట్టుకుంది. అవతలి జట్టు పిల్ల ఒకతి మా వాళ్లందరినీ దాటి గోల్ మీదికి పోతుంటే మా అమ్మాయి ఆ చివర నుంచి ఈ చివరకు ఉరికింది. ఉరికి, ఎదురు నిలబడి, సగం పక్కకు తిరిగి, ఆగింది. ఆ పిల్ల తడబడి అడుగేసింది. బంతి మా అమ్మాయి కాలి కింద ఉంది.

సెలెక్టరు తలెత్తాడు. ఆ పిల్ల బ్యాకా అని కోచ్‌ను అడిగాడు. తాడు ఇవతల నుంచి నేను కోచ్ నోటివైపు చూస్తున్నాను. ఒక్క క్షణం అతని పెదవి కదిలి ఆగింది.

"ఫార్వర్డ్," అన్నాడు. ఈల ఊది, ముందుకు పొమ్మని చెయ్యి చూపించాడు.

నేను తాడు దాటాను. సెలెక్టరు దగ్గరికి పోయి, ఆమె అసలు బ్యాకు ప్లేయరేనని, ఈ ఒక్క సీజనే ముందు ఆడిందని చెప్పాను. మీరెవరన్నాడు. తండ్రినన్నాను. ఆయన మర్యాదగా నవ్వి, తండ్రులందరూ ఏదో ఒకటి చెప్తారు, కూర్చోండి అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఎవరినైనా ఏదైనా నమ్మించిన నోరు నాది. అమ్మేవాడు తన సరుకును పొగిడితే ఎవరూ నమ్మొద్దని గిరాకీలకు నేనే చెప్తుంటాను. ఆయన నమ్మలేదు.

మా అమ్మాయి పేరు పిలవలేదు.

నల్లా దగ్గర ఆమె కాళ్లు కడుక్కుంటుంటే నేనూ కోచూ ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. అతను నన్ను అన్నవన్నీ నిజాలే, నేను అతన్ని అన్నవి కూడా. ఆమె నల్లా కట్టేసింది.

"సార్, నన్నొక్కదాన్నే ఎందుకు మార్చలే?" అని అతన్ని అడిగింది.

"మీ డాడీని అడుగు."

"అడిగిన. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్న."

అతను నా వైపు తిరిగాడు. నేను ఆమె షూలు అందుకోబోయాను.

"మీరిద్దరు బేరం చేస్కున్నరు. ఆడింది నేను. నాకెవ్వలు చెప్పలే," అని షూలు చేతిలో పట్టుకుని వట్టి కాళ్లతో నడిచిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు సెంటినరీ కాలనీకి బస్సులో పోయి అక్కడి ఆడపిల్లల జట్టులో ఆడుతోంది. స్టాపరేనట. అట అని ఎందుకంటున్నానంటే, చూడటానికి రావద్దంది. కోచ్‌ను కూడా రావద్దందట. మా ఇద్దరికీ కలిసిన పద్దు అదొక్కటే. నేను అతన్ని క్షమించలేదు, అతను అడగనూ లేదు.

సీజన్ అయిపోయాక, జీతాలు పడ్డ మరునాడు పొద్దున, షట్టరు సగం లేపి ఉండగానే అతను వచ్చి, మిగిలిన సగం డబ్బు గల్లా మీద పెట్టి మెట్టు దిగిపోయాడు. బోణీ డబ్బు కాదనకూడదు. తీసుకున్నాను. కళ్లకు అద్దుకోలేదు.

ఇక లెక్క. కప్పుల మీద నాకు నష్టం రాలేదు. సగం డబ్బు ముట్టిన పొద్దున కూడా రాలేదు, ఎందుకంటే నేను చెప్పిన మొదటి ధరలో సగానికే నా అసలూ లాభమూ వచ్చేస్తాయి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కోచ్ మాట ఇచ్చాడు, తూకం తగ్గకుండా ఇచ్చాడు, ఆ పైన డబ్బూ ఇచ్చాడు. అతని వైపు నాకు రావలసింది ఏమీ లేదు. గోడ మీద పేపరు ముక్క ఒకటి లాభం, అది పసుపెక్కింది. ఖర్చు కింద మా అమ్మాయి ఆఖరి ఏడాది. అది ఆమెది, ఆమెను అడగకుండా నేను ఖర్చు పెట్టాను. సగం కోచ్ పద్దులో రాద్దామని చాలా రోజులు చూశాను. రాయడానికి లేదు. బేరం అడిగింది నేనే. మొత్తం నాదే, తీర్చే దారి లేదు.