బొట్టు లేని కాయ

నేను కవిటికి కొత్త కోడలిగా వచ్చేనాటికి మా బావగారు నవల రాస్తున్నారు. ఏ పాత్ర ఎక్కడుందో మరిచిపోకుండా ఒక్కొక్కరికీ ఒక్కో కొబ్బరికాయ పెట్టి వసారాలో పేర్చుకునేవారు. మునసబుకి సున్నపు గీత, బడిపంతులుకి సిరా చుక్క, ముత్తైదువులకి కుంకుమ బొట్టు. ఏ గుర్తూ లేనిది కథలోని విధవరాలు.

ఆయన కుదురుగా కూర్చుని రాయగా నేను చూడలేదు. ఆ కాయల చుట్టూ తిరగడం, ఒకటి జరపడం, జుట్టు పీక్కోవడం, మళ్ళీ జరపడం.

చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆయన చెల్లెలు రోజూ వసారా తుడిచేది. ఆమె తుడిచాక బొట్టు లేని కాయ పంతులు పక్కన ఉండేది.

"ఏటిది? ఎవలు జరిపేరు?" అని ఆయన కసిరేవారు.

"సీపురు తగిలిందేటో అన్నయ్యా."

ఆయన దాన్ని మళ్ళీ మూలకి నెట్టేవారు.

చివరికి ఒకనాడు, విధవరాలిని కాశీ పంపించేశానని ప్రకటించారు. ఆ మధ్యాహ్నం చెల్లెలు ఆయన విస్తట్లో కొబ్బరి పచ్చడి వడ్డించింది.

"కాశీ ఎల్లిపోయింది గదా అన్నయ్యా. ఇంక ఆ కాయెందుకని కొట్టేసేను."

ఆయన ముద్ద వదిలేసి లేచిపోయారు. సాయంత్రం దాకా తోటంతా తిరిగి, కొత్త కాయ తెచ్చి, తానే బొట్టు పెట్టి, పంతులు పక్కన ఉంచారు.

నవల్లో ఆ విధవరాలి పెళ్ళి ఘనంగా జరిగింది. మర్నాడు మా ఆడపడుచు ఎప్పటిలాగే వసారా తుడిచింది. ఆ రెండు కాయలూ కదలకుండా వాటి చుట్టూ చీపురు జాగ్రత్తగా తిప్పింది. బావగారు అది చూడలేదు. అప్పటికే రెండో నవలకి కాయలు ఏరుకోవడానికి తోటలోకి పోయారు.