ఉల్టా తిరిగిందని మార్చిన రెండు వైర్లు

2022 వానాకాలం. మెదక్‌లో తలుపుల దుకాణం నడిపే యాదగిరి, టేకు తలుపుల మీద పూలూ లతలూ చెక్కడానికి కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ రౌటర్ కొన్నాడు. దాని మోటార్లకూ డ్రైవ్‌లకూ వైరింగ్ చేసింది నేను. ఇలాంటి యంత్రాల వైరింగే నా బతుకుదెరువు.

అందులో ఉండే సర్వో మోటారు వెనక ఎన్‌కోడర్ అనే చిన్న పరికరం ఉంటుంది. షాఫ్ట్ ఎటు, ఎంత తిరిగిందో అది ఎప్పటికప్పుడు డ్రైవ్‌కు చెబుతుంది. డ్రైవ్ ఆ మాట నమ్మి మోటారుకు కరెంటు పంపుతుంది. అందుకే ఆ మాట దారిలో చెడకుండా ఎన్‌కోడర్ కేబుల్‌ను పవర్ వైర్లకు దూరంగా తీసుకెళ్లి, దాని చుట్టూ ఉండే లోహపు జాలీని ఎర్త్ చేశాను. మోటారుకు వెళ్లే మూడు వైర్లకు యు, వి, డబ్ల్యు అని అక్షరాలున్న గొట్టాలు తొడిగాను. ఒక తలుపు చెక్కి చూపించి, యాదగిరి చేత సరే అనిపించుకునే వచ్చాను. ఈ సంగతి నేను మరిచిపోలేదు, మీరూ మరిచిపోకండి.

కొన్నాళ్లకు రామాయంపేటలో ఒప్పుకున్న పని ఒకటి చేజారింది. అక్కడి దుకాణదారు ఫోన్‌లో నసిగాడు. "ఏమనుకోకు అన్నా. యాదగిరి మిషిను నీ వైరింగుతోనే ఖరాబైందట గదా, టింబర్ డిపోల ఆయనే చెప్పిండు. మేం వేరేటోళ్లను పిలుస్తున్నం."

నాకు ఒక్క ఫోన్ చేయని యాదగిరి, టింబర్ డిపోలో మాత్రం అందరికీ చెప్పాడన్నమాట. బండి తీసి నేరుగా దుకాణానికి పోయాను.

"గిదేనా నీ పనితనం? ఆన్ చేసుడుతోనే ఉరికిపోయి గుద్దింది. తలుపు నడిమిట్ల గాటు జూడు!" అని నా మీదికి లేచాడు యాదగిరి. పక్కనే ఆయన బామ్మర్ది నర్సింలు గోడకానుకుని నవ్వుతున్నాడు. హవేలిఘనపూర్‌లో బోరు మోటార్లు బాగుచేస్తాడతను.

మెయిన్ ఆపి ప్యానెల్ తెరిచాను. నేను యు తొడిగిన వైరు వి చోట ఉంది. వి వైరు యు చోట ఉంది.

"దీన్ని ఎవరు ముట్టిండ్రు?"

"నేనే," అన్నాడు నర్సింలు దర్జాగా. "కుడి బటన్ ఒత్తితే ఎడమకు పోతుండె. మోటర్ ఉల్టా తిరిగితే రెండు ఫేజులు మార్చాలె. ఊరందరి మోటర్లు జేసెటోన్ని, గిది నాకు దెల్వదా?"

ఎందుకు ఉల్టా అయిందో చూస్తే ఒళ్లు మండింది. చెక్క లోపలికి తేవడానికి అడ్డమని, నేను వెళ్లాక యంత్రాన్నే ముందువెనకలుగా తిప్పి పెట్టారు. మనిషి వెనక నిలబడి నొక్కితే కుడి ఎడమవదా?

బోరు మోటారుకు నర్సింలు చెప్పింది నిజమే. దానికి ఎన్‌కోడర్ లేదు. సర్వోకు అట్లా మారిస్తే, మోటారు ఒకటి చేస్తే ఎన్‌కోడర్ దానికి ఎదురు చెబుతుంది. డ్రైవ్ సరిదిద్దబోయి తప్పు వైపే ఇంకా గట్టిగా తోస్తుంది. దిశ మార్చాలంటే డ్రైవ్‌లో సెట్టింగ్ మార్చాలి.

వైర్లు సరిచేశాను. స్విచ్ మాత్రం వేయలేదు.

"ఇప్పుడు డిపోకు, రామాయంపేటకు ఫోన్ జెయ్యి. ఎవరు మార్చిండ్రో చెప్పు."

"అయిపాయె గదా అన్నా. జర చాయ్ తాగు. బామ్మర్ది ఇజ్జత్ బజార్ల తియ్యమంటవా?"

"నాది తీసినప్పుడు అది బజార్ గాదా?"

చివరికి ఫోన్ చేశాడు. "మిషిను మంచిగైంది. ఆయనే వచ్చి బాగుజేసిండు," అన్నాడు. అంతే. ఎంత అడిగినా నర్సింలు పేరు ఆయన నోట రాలేదు. స్విచ్ వేసి, చాయ్ ముట్టకుండా వచ్చేశాను.

యంత్రం ఇప్పటికీ నడుస్తోంది. రామాయంపేట పని మాత్రం తిరిగి రాలేదు. నేనే వచ్చి బాగుచేశానంటే, తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు విన్నారు అందరూ.

ఆ రోజు వైర్లు ముందు సరిచేసి, మాట తర్వాత అడిగాను. ఇప్పుడు ఆ వరుస మార్చాను. ప్యానెల్ తెరవగానే యజమానిని పక్కన నిలబెట్టి, లోపల ఏ వైరు ఎక్కడుందో ఆయన నోటితోనే చదివించి ఫోన్‌లో రికార్డు చేస్తాను. అప్పటిదాకా స్క్రూడ్రైవర్ తీయను. కోపమొస్తే వేరేవాళ్లను పిలుచుకోవచ్చు.