గుంపులో కలిసిన లెమర్ పిల్ల

అరుదైన కోతులను, లెమర్ల వంటి వాటి దూరపు చుట్టాలను మాత్రమే పెంచే ఒక చిన్న జూ చూసి, నేనుండే నార్త్ యార్క్‌కి తిరిగొస్తున్నాను. బస్సులో నా ఫోన్ మాటలు విని పక్క సీటులో ఉన్నావిడ, "తెలుగువాళ్ళా బాబూ?" అని పలకరించారు. అరవై దాటి ఉంటాయి. ఆ జూలోనే వాలంటీర్‌గా చేస్తున్నారట.

"చారల తోక లెమర్లను చూశావా? అందులో చిన్నది ఎలా ఉంది?"

అక్కడ నేను తీసిన ఫోటో ఫోన్‌లో చూపించాను. తల్లి దగ్గరికి రానివ్వని ఆ పిల్లకి నాలుగు నెలలు ఆవిడే సీసాతో పాలు పట్టారట. పోయిన నెలే దాన్ని గుంపులో వదిలారు.

"నా గొంతు వింటే చాలు, మిగతావాటిని వదిలేసి కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. అలా అయితే గుంపు దాన్ని చేర్చుకోదు. అందుకే అటు వెళ్ళడం మానేశాను. చూసొచ్చినవాళ్ళని అడుగుతుంటాను."

రెండు వేళ్ళతో ఫోటోని పెద్దది చేశారు. ఎండలో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్న లెమర్ల మధ్య చిన్నది కళ్ళు మూసుకుని ఉంది.

"కంచె దగ్గరికి వచ్చిందా?"

"లేదాంటీ. మా వైపు చూడనే లేదు."

"మంచిది," అన్నారు.

"ఫోటో మీకు పంపించనా?"

"వద్దు బాబూ. చూస్తే వెళ్ళాలనిపిస్తుంది."

ఫోన్ నా చేతికిచ్చి, తర్వాతి స్టాపులో దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

మరుసటి వేసవిలో మళ్ళీ వెళ్ళి, ఆ కంచె ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ పిల్ల ఏదో గుర్తుపట్టలేకపోయాను.

ఆ సంగతి ఆవిడకి చెప్పగలిగితే బాగుండేది.