మద్నూర్ నుంచి వచ్చిన ఖాళీ దరఖాస్తులు

కామారెడ్డి జిల్లా ఏర్పడిన రెండో ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను బాన్సువాడ డివిజన్‌కు టెక్నికల్ ఆఫీసర్‌గా వేశారు. డివిజన్‌లోని ఆన్‌లైన్ సేవా కేంద్రాలు సరిగా నడుస్తున్నాయా లేదా చూడటం నా పని. జనం కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్ల కోసం ఆ కేంద్రాలకు వస్తారు. అక్కడి ఆపరేటర్ ఫారం నింపి పోర్టల్‌కు పంపితే, అది మా ఆఫీసులోని పరిశీలన సెక్షన్‌కు చేరుతుంది. నా పైన డివిజన్ ఆఫీసర్, నా కింద ఇద్దరు అసిస్టెంట్లు. ర్యాంకు పెద్దదేమీ కాదు. అయితే ఏ ఆపరేటర్ ఐడీ రద్దు చేయాలన్నా ముందు నా సాంకేతిక నివేదిక ఉండాలి. ఆ సంగతి నాకు బాగా గుర్తుండేది, కొంచెం ఎక్కువగానే గుర్తుండేది.

నేను చేరిన పదిరోజులకే మద్నూర్ కేంద్రం ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. అక్కడి నుంచి వస్తున్న దరఖాస్తుల్లో కొన్నింటికి నంబరు ఉంటోంది గానీ లోపల పేరు లేదు, ఊరు లేదు, ఏమీ లేదు. పరిశీలన సెక్షన్ వాళ్లు వాటిని తిరస్కరించి తిరస్కరించి విసిగిపోయారు. ఆ కేంద్రం నడిపేది సవిత అనే అమ్మాయి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కూలికి పోయే కుటుంబంలో పుట్టి, డిగ్రీ చదివి, సొంతంగా ఐడీ తెచ్చుకుంది. దరఖాస్తుల లెక్క ఎక్కువ చేసి చూపించడానికి ఖాళీ ఫారాలు పంపుతోందని ఆమె మీద ఫిర్యాదు.

నేను అప్పుడు వాడిన సాధనం పేరు కర్ల్. బ్రౌజర్ అక్కర్లేకుండా వెబ్ సర్వర్‌కు మన అభ్యర్థన పంపి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. నల్లటి తెర మీద ఒక లైను టైపు చేయాలి, అంతే. ఆ లైనులో మైనస్ గుర్తుతో మొదలయ్యే అక్షరాలను ఆప్షన్లు అంటారు. ఏం పంపాలి, జవాబులో ఎంత చూపించాలి, ఎంతసేపు ఆగాలి అన్నవి వాటితోనే చెబుతాం. నాకు వాటిలో సగానికి పైగా కంఠతా వచ్చు. మా అసిస్టెంట్లకు రోజుకొకటి చొప్పున నేర్పేవాణ్ని. వాళ్లు అడిగినా అడగకపోయినా నేర్పేవాణ్ని.

ఫైలు అందిన రోజు నా సీట్లోనే కూర్చుని -I అనే ఆప్షన్‌తో పోర్టల్‌కు ఒక అభ్యర్థన పంపాను. ఈ ఆప్షన్ సర్వర్‌ను జవాబు తాలూకు పై వివరాలు మాత్రమే అడుగుతుంది, అసలు పేజీ అడగదు. ఎవరింటికో వెళ్లి తలుపు తట్టి, లోపల్నుంచి ‘ఆ’ అని వినపడగానే తిరిగి వచ్చేయడం లాంటిది. 200 అని జవాబు వచ్చింది. అంతా బాగుందని దానర్థం. సర్వర్ చిట్టాలో చూస్తే సవిత పంపినవన్నీ చేరినట్టే ఉన్నాయి. ‘సర్వర్ సక్రమంగా పనిచేస్తున్నది. ఆపరేటర్ లోపం’ అని రెండు ముక్కలు రాసి సంతకం చేశాను. పదకొండు గంటల చాయ్ రాకముందే పని అయిపోయింది. ఆ నివేదిక ఆధారంగా డివిజన్ ఆఫీసర్ ఆమెకు నోటీసు పంపారు. మూడు పనిదినాల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఐడీ రద్దు.

రెండో రోజు పొద్దున సవిత ఆ నోటీసు పట్టుకుని బస్సులో బాన్సువాడ వచ్చింది. ఏడుపూ లేదు, బతిమాలటమూ లేదు. నా టేబుల్ ముందు నిలబడి, పోర్టలే తన ఫారాలను ఖాళీ చేస్తోందని చెప్పింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ మాట అన్నాను. అప్పుడు నాకు ఆ సామెత చాలా బాగా కుదిరిందనిపించింది.

“మద్దెల మీరు చూడలేదు కదా సార్” అన్నది ఆమె. “మీరు మా దగ్గరికి ఒక్కసారి రాండ్రి. నా మిషన్ ముందల కూసోండ్రి. నాది తప్పైతే నా ఐడీ మీ చేతులతోనే తీసెయ్యుండ్రి.”

పక్క బల్లల దగ్గర అసిస్టెంట్లిద్దరూ తలలు దించుకున్నారు. నాకు కోపం వచ్చింది. కోపం రావడానికి కారణం ఆమె మాట నిజం కావడమే. డివిజన్ ఆఫీసర్‌కు చెప్పి, మర్నాడు తొలి బస్సుకు లాప్‌టాప్ తీసుకుని బయల్దేరాను. నోటీసు గడువుకు అదే ఆఖరి రోజు.

మద్నూర్‌లో హైవే మీద లారీలు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలో ఉంది సవిత కేంద్రం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడకు వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు. పని మొదలుపెట్టే ముందు ఒక నియమం చెప్పాలి. పరీక్ష పేరుతో అసలు పోర్టల్‌లోకి ఉత్తుత్తి దరఖాస్తులు పంపకూడదు. దానికోసం అచ్చం అలాగే పనిచేసే ట్రయల్ పోర్టల్ వేరే ఉంటుంది. ఆమె ఇంటర్నెట్ లైను మీద నుంచే, నా లాగిన్ జతచేసి, దానికి -d ఆప్షన్‌తో ఒక పూర్తి ఫారం పంపాను. -d అంటే ఫారంలో నింపే వివరాలను అభ్యర్థనతో పాటు పంపడం. నెట్ నెమ్మదిగా ఉంది కాబట్టి --max-time పెట్టి ముప్పై సెకన్లు గడువిచ్చాను. ఫారం నిక్షేపంగా చేరింది. వివరాలు పదకొండూ ఉన్నాయి. రెండోసారి పంపాను, మూడోసారి పంపాను. ప్రతిసారీ పదకొండు.

ఇంకేముంది, లాప్‌టాప్ మూయబోయాను. సవిత నా వెనకే నిలబడి చూస్తోంది.

“సార్, మీరు మీ నల్ల స్క్రీన్ల మీ తీరుగ చేస్తుండ్రు” అన్నది. “నేను గట్ల చెయ్యను కదా. నేనెట్ల చేస్తనో జర చూడుండ్రి.”

ఆ సమయానికి కమలాబాయి అనే పెద్దావిడ ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చింది. సరిహద్దు అవతల మహారాష్ట్రలో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చిన మనిషి. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవగలిగేది మరాఠీ ఒక్కటే. సవిత ఆమెను రెండో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. అందులో బ్రౌజర్ భాషను మరాఠీకి పెట్టి ఉంచింది. ఫారం తెరవగానే బ్రౌజర్ ఆ పేజీని మరాఠీలోకి మార్చి చూపించింది. సవిత అన్నీ నింపి, తెరను ఆవిడ వైపు తిప్పి, “వాచూన్ పహా, మావశీ” అన్నది. చదివి చూడు పిన్నీ అని. కమలాబాయి కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి చదివి, ఇంటి నంబరు తప్పు పడిందని పట్టుకుంది. అది సరిచేశాకే సవిత పంపే బటన్ నొక్కబోయింది. చదవగలిగిన ప్రతి మనిషితోనూ ఇలాగే చదివిస్తానని, తన అత్తగారిది కూడా సరిహద్దు అవతలి దెగ్లూర్ వైపేనని, ఆమె ఎన్నోసార్లు ఏమున్నదో తెలియని కాగితాల మీద వేలిముద్ర వేసి మోసపోయిందని అప్పుడు చెప్పింది. డివిజన్ మొత్తంలో ఈ పద్ధతి ఉన్న కేంద్రం ఇంకొకటి నాకు తెలియదు.

బటన్ నొక్కకుండా ఆమెను ఆపాను. అదే బ్రౌజర్‌లో ట్రయల్ పోర్టల్ తెరిపించి, అవే వివరాలు పంపించాను. నా లాగిన్‌తో పరిశీలన పేజీ తీసి చూస్తే నంబరు ఉంది, వివరాలు లేవు.  సవిత నోటుబుక్ తెచ్చి నా పక్కకు కుర్చీ లాక్కుంది.

పేజీ మరాఠీలోకి మారడం వల్ల వివరాలు చెడిపోయాయేమో అన్నది మొదటి అనుమానం. అది నిలబడలేదు, ఎందుకంటే ఆ మార్పు తెర వరకే. బయటికి వెళ్లే వివరాలు మారవు. అప్పుడు సరైన పని మొదలుపెట్టాను. బ్రౌజర్ ఒక పేజీకి పంపిన అభ్యర్థన మొత్తాన్ని ఒక కర్ల్ లైనుగా మార్చి ఇచ్చే సౌకర్యం బ్రౌజర్‌లోనే ఉంటుంది. అలా తీసుకుని నల్ల తెరలో వేశాను. అది తెర నిండా వచ్చింది. అందులో పద్నాలుగు -H లు ఉన్నాయి. ప్రతి -H వెనకా ఒక హెడర్, అంటే బ్రౌజర్ తన గురించి సర్వర్‌కు చెప్పుకునే ఒక ముక్క. నేను ఫలానా బ్రౌజర్‌ని, ఫలానా పేజీ నుంచి వస్తున్నాను, నాకు ఫలానా భాష కావాలి, ఇలాంటివి. వాటిని మనం తెర మీద ఎప్పుడూ చూడం.

లైను యథాతథంగా పంపాను. నల్ల తెర నుంచి పంపినా ఫారం ఖాళీ. నా ఉద్యోగ జీవితంలో ఒక తప్పు జరిగినందుకు అంత సంతోషించిన రోజు మరొకటి లేదు. తప్పు మళ్లీ చేయించగలిగితే సగం పట్టుకున్నట్టే. ఇక ఒక్కొక్క -H తీసేస్తూ, తీసిన ప్రతిసారీ -o ఆప్షన్‌తో జవాబును వేరే ఫైలులో దాచాను. లాగిన్ గుర్తును మోసే హెడర్ ఒక్కదాన్ని కదపలేదు, అది లేకపోతే పోర్టల్ లోపలికే రానివ్వదు. బ్రౌజర్ పేరు తీశాను, ఖాళీ. వచ్చిన పేజీ చిరునామా తీశాను, ఖాళీ. ఏది తీశానో, ఏం వచ్చిందో సవిత నా పక్కన కూర్చుని నోటుబుక్‌లో రాసింది. తొమ్మిదోది భాష హెడర్. అది తీయగానే పదకొండు వివరాలూ చేరాయి. మళ్లీ పెట్టాను, ఖాళీ. మరాఠీ బదులు తెలుగు పెట్టాను, పదకొండు. ఇంగ్లీషు పెట్టాను, పదకొండు. హిందీ పెట్టాను, ఖాళీ. జుక్కల్ అవతల కర్ణాటక ఉంది కదా అని కన్నడ కూడా పెట్టి చూశాను, అదీ ఖాళీయే.

విషయం తేలిపోయింది. పోర్టల్ రాసినవాళ్లు తెలుగుకూ ఇంగ్లీషుకూ మాత్రమే గడుల పట్టిక తయారుచేశారు. ఇంకో భాష అడిగిన బ్రౌజర్ వస్తే, సర్వర్ లేని పట్టిక కోసం వెతికి, దొరక్క, వివరాలన్నీ వదిలేసి, నంబరు మాత్రం ఇచ్చి పంపేస్తోంది. పైగా 200 అంటోంది. నేను దాచిన జవాబు ఫైళ్లలో, తెర మీద కనిపించని ఒక లైనులో, అందిన వివరాలు సున్నా అని స్పష్టంగా రాసి ఉంది. మొదటి రోజు నేను ఆ పేజీ అడగనే లేదు. అడిగినా దొరికేది కాదు, ఎందుకంటే మనం -H తో చెబితే తప్ప కర్ల్ తనంతట తాను ఏ భాషా కోరదు. సవిత కూర్చున్న కుర్చీలో కూర్చుంటే తప్ప ఈ తప్పు కనిపించదు.

“నా రిపోర్టు తప్పు, సవితమ్మా” అన్నాను.

“గదే ముక్క కాయితం మీద రాసిస్తరా సార్?” అన్నది. “నోటీస్ కాయితం మీద వచ్చింది కదా.”

అక్కడే రాశాను. ఆమె నోటుబుక్‌లోని వరుసను ఎత్తి రాసి, భాష హెడర్ ఉన్నదీ లేనిదీ కర్ల్ లైన్లు రెండూ జతచేసి, ఆమె ప్రింటర్ మీదే అచ్చు తీసి సంతకం చేశాను. సాయంత్రం ఐదులోపు బాన్సువాడ చేరి డివిజన్ ఆఫీసర్ చేతికిచ్చాను. ఆయన మొత్తం చదివి, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. మొదటి నివేదికను ఫైలులోంచి తీసేసి ఇదొక్కటే ఉంచుదామని, నాకే మంచిదని సలహా ఇచ్చారు. నిజంగా నా మేలు కోరే అన్నారు. నేను ఒప్పుకోలేదు. నోటీసు పుట్టింది ఆ నివేదిక నుంచి. అది మాయమైతే ఆమె మీద అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో ఫైలులో ఉండదు, అనుమానం మాత్రం ఉండిపోతుంది. రెండు నివేదికలూ ఒకదాని కింద ఒకటి ఉండాలని, రెండో దాని మొదటి వాక్యం ‘మొదటి నివేదిక తప్పు, రాసినది నేనే’ అని ఉండాలని పట్టుబట్టాను. ఇన్నేళ్ల సర్వీసులో నాకు అన్నిటికన్నా గర్వంగా ఉండే కాగితం అదే.

నోటీసు రద్దయింది. హైదరాబాద్‌లో పోర్టల్ చూసే బృందానికి ఆ రెండు లైన్లు పంపితే, వారం తిరక్కుండా సరిచేశారు. వాళ్ల ఇంజినీరు ఫోన్ చేసి, ఇంత పద్ధతిగా పట్టుకున్నది ఎవరని అడిగాడు. మద్నూర్ ఆపరేటర్ సవిత అని చెప్పాను. ఖాళీగా పోయిన దరఖాస్తుల తాలూకు మనుషులందరికీ ఆమె ఒక్కొక్కరికి ఫోన్ చేసి పిలిపించి, మళ్లీ చదివించి, మళ్లీ పంపింది. జుక్కల్ వైపు కేంద్రాల్లో కూడా ఇలాంటివి కొన్ని బయటపడ్డాయి. అక్కడి ఆపరేటర్లకు నోటీసులు వెళ్లకముందే ఆపగలిగాం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ప్రతి సాంకేతిక నివేదికలో చివర ఒక గడి అదనంగా పెట్టాను. దాని పేరు ‘పరీక్షించనివి’. ప్రభుత్వ నమూనాలో అలాంటి గడి లేదు, నన్నెవరూ పెట్టమనలేదు. ఏ యంత్రం నేను ముట్టుకోలేదో, ఏ చోటికి నేను వెళ్లలేదో, ఏ ఆప్షన్ నేను వాడలేదో అందులో రాసేవాణ్ని. అది ఎప్పుడూ ఖాళీగా పోలేదు. మొదటి నివేదికలో ఆ గడి ఉండి ఉంటే, అందులో ‘సవిత కంప్యూటర్’ అని రాయాల్సి వచ్చేది. అది రాశాక, దాని కింద ‘ఆపరేటర్ లోపం’ అని సంతకం పెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.